సూది పొడిచింది మా అత్తమ్మే

పాపకు అన్నప్రాశన కూడా అయిపోయింది. ఇన్నాళ్లూ ఇది రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే దిష్టి తగులుతుందేమోనని భయం కొంత, కోపం కొంత. భయం తగ్గింది. కోపం సంగతి చదివాక మీరే చెప్పండి.

మొదటి గర్భం పోయినప్పుడు డాక్టరమ్మ "ఇది మామూలేనమ్మా, చాలామందికి అవుతుంది" అంది. అది నిజమే. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. తల్లి బొప్పాయి తిన్నదా, బిందె ఎత్తిందా అన్నది అక్కడ లెక్కలోకే రాదు. కానీ రెండోదీ పోయాక మళ్లీ అదే "మామూలే" అంటే ఎట్లా? టార్చ్ టెస్టు (కొన్ని ఇన్ఫెక్షన్ల పరీక్ష) రాసింది, మూడోసారి నెల తప్పాక ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మాత్రలు రాసింది, ఈసారి మంచం దిగొద్దంది. బాత్రూమ్‌కి తప్ప దిగలేదు.

పదో వారం దాటింది, ఇక గండం గట్టెక్కినట్టేనని అమ్మ దీపం పెట్టింది. ఆ తర్వాతి స్కాన్‌లో స్కాన్ చేసేటాయన తెర మీంచి తల తిప్పకుండానే "హార్ట్‌బీట్ లేదు" అన్నాడు. అదే ఊపులో తలుపు వైపు చూసి "నెక్స్ట్" అని కేకేశాడు. పొట్ట మీది జెల్ తుడుచుకోవడానికి కాగితం కూడా నేనే వెతుక్కున్నాను.

క్లీనింగ్ చేశారు. తీసింది పరీక్షకు పంపిస్తారా అని మా ఆయన అడిగితే "దండగ ఖర్చు ఎందుకండీ" అన్నారు. ఆ దండగ ఖర్చు పెట్టి ఉంటే లోపం పిండంలోదా, నాలోదా అన్నది కనీసం కొంత తేలేది.

తర్వాత కొన్నాళ్లకు మా ఆడపడుచు సీమంతం, ఎల్బీ నగర్‌లో. అందరిలాగే నేనూ లేచి, పళ్లెంలోంచి ఆకుపచ్చ గాజులు తీసుకుని తనకు తొడగబోయాను. మా ఆయన మేనత్త నా చేతిలోంచి ఆ గాజులు మెల్లగా తీసేసుకుని "నువ్వు తర్వాత వేద్దువులే బిడ్డా, పోయి కూర్చో" అంది. అరవలేదు, తిట్టలేదు. ప్రేమగానే అంది. అందుకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. భోజనాలప్పుడు నా పక్కనే కూర్చుని నా విస్తట్లో బూరె వడ్డింపజేసింది కూడా!

అత్తమ్మ అంతా చూసింది. అక్కడ నోరు మెదపలేదు. ఇంటికి వస్తుంటే కారులో "ఆ డాక్టర్ వద్దు, ఇంకో డాక్టర్‌ను చూద్దాం" అని మాత్రం అంది.

కొత్త డాక్టర్ ముందు ఫైలు చదివింది. పేజీలు తిప్పడం కాదు, చదివింది. "రెండోది పోయినప్పుడే చేయాల్సిన పరీక్షలమ్మా ఇవి" అని థైరాయిడ్, మూడు నెలల షుగర్, గర్భసంచిలో అడ్డుగోడ ఉందేమో చూసే త్రీడీ స్కాన్, మా ఇద్దరికీ క్రోమోజోమ్ పరీక్ష రాసింది. "వాడికెందుకు?" అని అత్తమ్మ మొహం ముడుచుకుంది. భార్యాభర్తల్లో ఎవరిలోనైనా క్రోమోజోమ్ ముక్కలు చోటు మారి ఉండొచ్చు, పైకి మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు అని డాక్టర్ చెప్పాక ఊరుకుంది. అవన్నీ బాగానే వచ్చాయి.

రానిది ఒక్కటే, ఏపీఎస్. పూర్తి పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. ఒంట్లోని యాంటీబాడీలు మన మీదికే తిరగబడి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచి, మాయను దెబ్బతీస్తాయి. ఒక్కసారి పాజిటివ్ వస్తే ఖాయం చేయరు, కనీసం పన్నెండు వారాల తర్వాత మళ్లీ చేయాలి. రెండోసారీ పాజిటివే. రిపోర్టు చూసి ఏడ్చాను, బాధతో కాదు. తప్పు నా నడకదీ తిండిదీ కాదని ఒక కాగితం చెప్పింది కదా! ఆ వెంటనే మంటా పుట్టింది. రక్తం గడ్డకట్టే మనిషిని వారాల తరబడి మంచం దిగనివ్వకపోవడం ఏం వైద్యం? మంచం మీద ఉంటే గర్భం నిలుస్తుందనడానికి ఆధారమే లేదట.

మళ్లీ నెల తప్పేముందు నుంచే ఫోలిక్ యాసిడ్, ఎకోస్ప్రిన్ 75 (తక్కువ డోసు ఆస్పిరిన్). గర్భం ఖాయమయ్యాక రోజూ పొట్టకు హెపారిన్ ఇంజెక్షన్. ఎకోస్ప్రిన్, హెపారిన్ రెండూ కలిపి వాడితే మాలాంటివాళ్లలో పదిమందికి ఏడుగురి దాకా బిడ్డ చేతికొస్తుందని డాక్టర్ చెప్పింది. మా ఆయన సూది చూస్తేనే చెమటలు పట్టే రకం. అత్తమ్మ సిరంజి లాక్కుంది. "ఎన్నేండ్ల సంది ఇన్సులిన్ పొడుసుకుంటున్న, ఇదెంత?" బొడ్డుకు దూరంగా, పక్కన చర్మం రెండు వేళ్లతో మడత పట్టి, నిటారుగా గుచ్చేది. సిరంజిలో ఉన్న గాలి బుడగను తీయొద్దని, గుచ్చాక రుద్దొద్దని నర్సు చెప్పింది ఒక్కసారే. అత్తమ్మ మాత్రం రోజూ పైకి చెప్పుకుంటూ చేసేది, మంత్రంలా. పొట్టంతా నీలం మచ్చలు.

తొమ్మిదో వారంలో ఒక రాత్రి రక్తం కనబడింది. బయట కుండపోత. మేముండేది దిల్‌సుఖ్‌నగర్, ఆసుపత్రి చాదర్‌ఘాట్ అవతల. వాన పడితే మలక్‌పేట బ్రిడ్జి కింద ఏం జరుగుతుందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మా ఆయన బైక్ తీసి చూసొచ్చి, తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా ఇంజెక్షన్ వేళ. రక్తం పలచన చేసే మందు, రక్తం పోతోంది. వేస్తే ఎక్కువవుతుందా, ఆపితే బిడ్డ గుండె ఆగిపోతుందా? అత్తమ్మ చేతిలో మూత తీయని సిరంజి. ముగ్గురం దాన్నే చూస్తున్నాం.

అర్ధరాత్రి దాటాక డాక్టర్ ఫోనెత్తింది. "ఈ ఒక్క డోసు ఆపండి. కడుపునొప్పి ఎక్కువైనా, గంటలో ప్యాడ్ నిండిపోయినా ఎట్లాగైనా వచ్చేయండి. లేదంటే పొద్దున స్కాన్ చేద్దాం." అంతే, నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషానికి ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను. తెల్లారేదాకా నిద్రపోలేదు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు ఇదివరకే చేసొచ్చాను. బిడ్డ దక్కితే నూట ఎనిమిది పూర్తి చేస్తానని ఆ చీకట్లో మళ్లీ మొక్కుకున్నాను.

పొద్దున గుండె కొట్టుకుంటోంది. మాయ పక్కన చిన్న రక్తపు చారిక ఉందంది. ఇంజెక్షన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పి, అప్పుడు రాసింది ప్రొజెస్టరాన్. అందరికీ కాదట, ఇదివరకు గర్భాలు పోయి, ఇప్పుడు రక్తం కనబడేవాళ్లకు మేలు చేస్తుందని 2019లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద పరిశోధనలో తేలిందట. అదే మందు, ఒకరు అలవాటు కొద్దీ రాశారు, ఒకరు కారణం చెప్పి రాశారు.

మిగతా నెలలు స్కాన్‌లూ బీపీలతో గడిచిపోయాయి. సిజేరియన్ అయింది. కాన్పు తర్వాత కూడా ఆరు వారాలు ఇంజెక్షన్లు పొడిచింది అత్తమ్మే. నూట ఎనిమిదీ పూర్తి చేశాను, సగం మా ఆయన చంకలో పాపతోనే.

రెండుసార్లు పోయి, ఇంకా "మామూలే" అని వింటున్నవాళ్లు ఏపీఎస్ పరీక్ష నోరు తెరిచి అడగండి. క్రోమోజోమ్ సందేహాలుంటే పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఇంకొక్కటి. ఏపీఎస్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉండే గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. ఇది నా డిశ్చార్జి కాగితాల్లో ఎక్కడా రాయలేదు. ఆర్నెల్ల చెకప్‌కి వెళ్లి నేనే అడిగితే చెప్పారు.