కంటి చుట్టూ ఆ పసుపు వలయం ఇంకా చిక్కలేదు

మూడో ఉదయం కూడా తేలలేదు. గ్రేలాగ్ బాతుల మధ్య, నుదుట తెల్లమచ్చతో మేస్తున్న ఆ ఒంటరి పక్షి లెసర్ వైట్ ఫ్రంటెడ్ గూసే (అరుదైన చిన్న జాతి బాతు) అని నా మనసు గట్టిగా చెబుతోంది. ఫొటోలే ఒప్పుకోవడం లేదు.

గుంపు లెక్క తేలింది: 64 గ్రేలాగ్‌లు, ఇదొక్కటి. పొట్ట మీద నల్లచారలున్నాయి కాబట్టి ఎదిగిన పక్షే.

చిక్కంతా తల దగ్గరే. కంటి చుట్టూ పసుపు వలయమే లెసర్‌కు ముఖ్యమైన గుర్తు. దాని మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకుందాం. 600 ఎం.ఎం. లెన్సుతో 300 మీటర్ల నుంచి తీస్తే సెన్సర్ మీద అది 3 మైక్రాన్లు. నా కెమెరా పిక్సెల్ 4 మైక్రాన్లు. ఒక్క పిక్సెల్ కూడా నిండదు! 186 ఫొటోల్లో 11 చోట్ల పసుపు ఛాయ కనిపించింది కానీ, అది ఎండ రంగు కూడా కావచ్చు. పైగా దీన్ని పోలిన పెద్ద జాతి గ్రేటర్ వైట్ ఫ్రంటెడ్ గూస్‌కూ ఒక్కోసారి సన్నటి వలయం ఉంటుంది.

ముక్కు కొలిచాను. 18 పిక్సెళ్లు, అంటే 36 మిల్లీమీటర్లు. చిన్న జాతికి సరిపోయే కొలతే. అయితే ఎండ ఎక్కాక నేల మీది వేడిగాలి ఆ అంచును మూడు పిక్సెళ్లు అటూ ఇటూ ఊపుతోంది. ఆరు మిల్లీమీటర్ల తేడా వస్తే రెండు జాతులూ బరిలోనే ఉంటాయి. రెక్కల కొనలు తోక దాటి ఉన్నాయి, తెల్లమచ్చ నడినెత్తి దాకా పాకింది. ఈ రెండూ నా వైపే ఉన్నా, తల వంచి మేసే పక్షిలో మచ్చ పొడవును నేను నమ్మను.

పక్షుల్ని గుర్తుపట్టే యాప్ మెర్లిన్ ఇచ్చే పేరును ఆధారంగా చూపడం నాకు ఇష్టం లేదు. అది సూచన మాత్రమే. ప్రస్తుతానికి పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో రెండు జాతుల పేర్లూ కలిపిన పద్దు కిందే నమోదు చేసి, దూరం, వెలుతురు, కొలతలు రాశాను. అరుదైన పక్షి పేరు తొందరపడి రాయడం కంటే ఇదే మేలు.

దగ్గరికి వెళితే గుంపు లేస్తుంది, అది చేయను. రేపు సూర్యోదయానికి ముందే గట్టు చాటున కూర్చుంటాను. చల్లటి గాలిలో, 150 మీటర్లకు అవే మేస్తూ వస్తే వలయం ఒకటిన్నర పిక్సెళ్లవుతుంది. స్కోపు 60 రెట్ల మీద కాకుండా 30 మీదే ఉంచుతాను. గాలి ఊగినా అదే స్పష్టం. ఫొటోలకు బదులు వీడియో తీసి, స్థిరంగా ఉన్న ఫ్రేములు ఏరాలి. ఈసారి మైకు కూడా తీసుకెళ్తాను. చిన్న జాతి కూత సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుంది. ఎగిరే వేళ ఒక్కసారి అరిస్తే చాలు.