మిర్చి ధరల డేటాబేస్: పేర్ల దగ్గర ఆగిన పని

గుంటూరు మార్కెట్ యార్డు మిర్చి ధరల్ని వెబ్ పేజీల నుంచి తీసి, ఒకే ఫైలులో ఉండే డేటాబేస్ అయిన ఎస్‌క్యూలైట్‌లో పెట్టే పనిలో, పేజీలు దింపుకోవడం వరకు ఇబ్బంది లేదు. పైథాన్, పేజీ తెచ్చే రిక్వెస్ట్స్, దాన్ని చదివే బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీలు చాలు. పేజీకీ పేజీకీ మధ్య 5 సెకన్లు ఆగడం, వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను ఉన్నదున్నట్టు తేదీ పేరుతో దాచడం. పార్సింగ్, అంటే ఆ పేజీలోంచి ధరలు ఏరడం, వేరే స్క్రిప్టు. రెండూ కలిపేస్తే పార్సర్‌లో తప్పు దొరికిన ప్రతిసారీ సైటు మీద పడాలి, ఆపాటికి పాత పేజీలు ఉంటాయన్న నమ్మకం లేదు.

టేబుళ్లు నాలుగు: మార్కెట్లు, రకాలు, మారుపేర్లు, ధరలు. ధరల వరుసలో మార్కెట్ ఐడీ, రకం ఐడీ, తేదీ, నిల్వ (ఏసీ గోదాములోదా, నాన్ ఏసీదా), కనిష్ఠం, గరిష్ఠం, వచ్చిన సరుకు, దాని కొలత. కొలతకు వేరే కాలమ్ తప్పదు. ఒక పేజీ క్వింటాళ్లలో చెబితే ఇంకోటి టిక్కీల్లో (బస్తాల్లో) చెబుతుంది, టిక్కీ బరువు అన్నిచోట్లా ఒకటి కాదు.

అసలు పని రకాల పేర్లది. బాడిగ, బ్యాడిగి, బ్యాడగి అన్నీ ఒకటే. 'తేజ', 'తేజ తాలు' మాత్రం ఒకటి కావు, తాలు అంటే రంగు పోయిన నాసి కాయ. పేరులో 'తేజ' ఉందా అని ఎస్‌క్యూఎల్ లైక్‌తో వెతికితే తాలు ధర వచ్చి తేజ కనిష్ఠంలో కూర్చుంటుంది, గ్రాఫు గోతిలో పడినట్టు కనిపిస్తుంది. అందుకే మారుపేర్ల టేబుల్లో పూర్తి పేరు సరిపోలితేనే ఐడీ ఇవ్వాలి. సరిపోలని పేరుకు స్క్రిప్టు కొత్త రకం పుట్టించకూడదు. ఆ వరుసను పెండింగ్‌లో పడేసి, మనిషి చూశాకే ఎక్కించాలి.

తెరమీద ఒకేలా ఉన్న 'నాన్‌ ఏసీ' రెండు చోట్ల రెండు పొడవులు చూపిస్తే, పొల్లు తర్వాత కనిపించని నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉందేమో చూడాలి. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (యూనికోడ్ అక్షరాల్ని ఒకే రూపంలోకి తెచ్చేది) దాన్ని తీయదు, చివరల ఖాళీలు తీసే స్ట్రిప్ కూడా తీయదు. రీప్లేస్‌తో తీయాలి, అదీ పోల్చే కీలో మాత్రమే. చూపించే పేరులో తీసేస్తే 'గుంటూర్‌లో' కాస్తా 'గుంటూర్లో' అవుతుంది.

రకం గడికి రోస్పాన్ 2 ఉండి, అంటే ఆ గడి రెండు వరుసలకు పరుచుకుని, కింద ఏసీ, నాన్ ఏసీ వరుసలుంటే, రెండో వరుసలో ఒక గడి తక్కువ. గడులన్నీ ఎడమకు జరిగి 'నాన్ ఏసీ' రకం పేరవుతుంది, ధర నిల్వ కాలమ్‌లోకి పోతుంది. పై గడి విలువను కిందికి మోసుకెళ్లాకే కాలమ్‌లు లెక్కపెట్టాలి.

మళ్లీ నడిపినా వరుసలు రెట్టింపు కాకుండా మార్కెట్, రకం, తేదీ, నిల్వ కలిపి యూనిక్ (అదే కలయిక రెండోసారి రాకుండా ఆపే నియమం) పెట్టాలి. నిల్వ ఖాళీగా, అంటే నల్‌గా ఉంటే ఆ యూనిక్ ఆపదు. ఎస్‌క్యూలైట్‌కు ఏ నల్‌కు ఆ నల్ వేరే, అందుకని నల్ బదులు 'తెలియదు' అని రాయడం మేలు. ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ జోలికి పోవద్దు: పాత వరుసను చెరిపి కొత్తది వేస్తుంది. రకాల టేబుల్ మీద వాడితే ఐడీ మారిపోవచ్చు, కాస్కేడ్ (రకం చెరిపితే దాని ధరలూ చెరిపే అమరిక) ఉంటే దాని ధరలన్నీ గల్లంతు. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్ 3.24 వెర్షన్ నుంచే ఉంది, అదే వాడాలి, ఉన్న వరుసను చెరపకుండా విలువలే మారుస్తుంది.

ఫారిన్ కీ తనిఖీ (ధరల వరుసలోని ఐడీ రకాల టేబుల్లో ఉందా అని చూసేది) ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా ఆదేశంతో ఆన్ చేయాలి. ట్రాన్సాక్షన్ మధ్యలో ఇస్తే పనిచేయదు, ఎర్రర్ కూడా రాదు.

ఇక మిగిలింది తేదీ. యార్డు సెలవుల్లో పేజీ మీద పాత ధరలే ఉండిపోతే, దింపిన రోజును తేదీగా వేసే స్క్రిప్టు లేని ధరల్ని సృష్టిస్తుంది. పేజీలో రాసిన తేదీనే తీసి, సంవత్సరం-నెల-రోజు వరుసలోకి మార్చే భాగం రాయాలి.