ఆరు గోళీలు, ఒక రబ్బరు బూటు

ఆదివారం, రాత్రి.

పొద్దున ఏడున్నరకు కారు కిందికి దూరినవాణ్ణి, సాయంత్రం అయిదు దాటాక గానీ నడుము నిటారుగా నిలపలేకపోయాను. గోళ్ళ సందుల్లోని నల్లటి గ్రీజు రెండుసార్లు సబ్బు పెట్టినా వదల్లేదు, కుడి మోచేయి ఇంకా సలుపుతూనే ఉంది. అయినా ఈ రోజు చేసినదంతా రాసిపెట్టుకోకపోతే, ఏ బోల్టు తరవాత ఏది విప్పానో మళ్ళీ అవసరం వచ్చేసరికి మరిచిపోతానని తెలిసి కూర్చున్నాను.

మా కారుకు 19 ఏళ్ళు. ముందు చక్రాలతో నడిచే చిన్న బండి. ఇంజను అడ్డంగా, గేర్‌బాక్సు ఎడమ పక్కకు ఉండడం వల్ల కుడి చక్రానికి వెళ్ళే డ్రైవ్‌షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) పొడుగ్గానూ ఎడమది పొట్టిగానూ ఉంటాయి. మూడు వారాలుగా స్టీరింగును పూర్తిగా కుడికి తిప్పి కదిలినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర టక్, టక్, టక్ అని ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు శబ్దం వస్తోంది. వేగం పెరిగితే ఆ దెబ్బలూ దగ్గరవుతాయి, బండి తిన్నగా సాగితే అసలు వినిపించవు. ఇది బయటి సీవీ జాయింటు, అంటే షాఫ్టు వంగినా చక్రాన్ని సమాన వేగంతో తిప్పే కీలు, పెట్టే అరుపేనని, అదే లోపలి జాయింటు అయితే శబ్దం కాకుండా యాక్సిలరేటరు నొక్కినప్పుడు వణుకు తెలుస్తుందని నాకు ముందే తెలుసు. తెలియనిదల్లా అది అరవడానికి ఎన్ని నెలల ముందు నుంచి సైగ చేస్తోందన్నదే.

నిజానికి అది కూడా తెలియకపోలేదు. అయిదు నెలల క్రితం కారు కడుగుతున్నప్పుడు ఎడమ చక్రం రిమ్ము లోపలి వైపు, దాని వెనకున్న సస్పెన్షన్ కడ్డీ మీద, నల్లటి చుక్కలు గీతగీసినట్టు ఒకే వరసలో చిమ్మి ఉండడం చూశాను. ఎక్కడో ఏదో నూనె కారిందనుకుని పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి, అక్షరాలా చేతులు దులుపుకున్నాను. కారిన నూనె కిందికి జారుతుంది, ఇలా వలయంగా చిమ్మదు. తిరిగే వస్తువు నుంచి విసిరికొట్టిన గ్రీజే అలా పడుతుంది. జాయింటును కప్పి గ్రీజును లోపలే పట్టి ఉంచే రబ్బరు బూటు చిరిగిన మొదటి వారంలోనే విప్పి, కడిగి, కొత్త బూటు తొడిగి ఉంటే జాయింటు దక్కేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని ఇవాళ విప్పి చూశాక అర్థమైంది.

బూటు విప్పేందుకు ముందు, చక్రం మధ్యలో షాఫ్టు కొనను బిగించే యాక్సిల్ నట్టుతో యుద్ధం చేయాలి. చక్రం నేల మీద ఉండగానే దాన్ని వదులు చేయాలి, జాకీ ఎత్తాక ఎంత లాగినా చక్రమే తిరుగుతుంది. నట్టు అంచును షాఫ్టు గాడిలోకి నొక్కి బిగించి ఉంటారు కాబట్టి, ఆ నొక్కును ఉలితో పైకి లేపాను. అమ్మాయిని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కమన్నాను. పానా పిడికి ఒక మీటరు ఇనుప గొట్టం తొడిగి, నా బరువంతా దాని కొసన వేసినా నట్టు కదల్లేదు. రెండోసారి గొట్టం కొంచెం వంగినట్టనిపించింది. "నాన్నా, కాలు నొప్పెడుతోంది, వదిలేయనా?" అని లోపలి నుంచి వినిపించిన క్షణంలోనే ఖణేల్‌మని నట్టు వదిలింది. నేను మోచేతి మీద పడ్డాను. బోల్టు విరిగిందేమోనని ఒక నిమిషం పాటు చూడడానికే భయపడ్డాను గానీ, అదంతా 19 ఏళ్ళ తుప్పు వదిలిన చప్పుడేనట.

ఆ తరవాతిదంతా సాఫీగా సాగింది. వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, ముందు ఎడమ పక్కను జాకీతో ఎత్తి, స్టాండు మీద నిలిపాను. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందికి తల పెట్టడం నా వల్ల కాదు. చక్రం తీసి, కింది బాల్‌జాయింటు బోల్టు విప్పి, హబ్బును బయటికి లాగాను. షాఫ్టు కొన మీద పాత నట్టునే మరలకు సమంగా తిప్పి ఉంచి, దాని మీద చెక్కముక్క పెట్టి సుత్తితో తడితే షాఫ్టు వెనక్కి జరిగింది. నట్టు లేకుండా నేరుగా కొడితే మరలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. ఇక లోపలి జాయింటు, గేర్‌బాక్సు మధ్య లివరు కడ్డీ పెట్టి ఒక్క కుదుపు ఇచ్చేసరికి షాఫ్టు మొత్తం చేతిలోకి వచ్చింది. ఇక్కడ షాఫ్టును పట్టుకుని లాగకూడదు, లాగితే లోపలి జాయింటులోని మూడు రోలర్లూ తమ కప్పులోంచి జారిపోతాయి. కొద్దిగా గేరు ఆయిల్ కారింది. ఒకే పక్క ఎత్తడం వల్ల అరగ్లాసుకు మించలేదు.

షాఫ్టును రెండు చెక్క పలకల మధ్య పెట్టి వైస్‌లో బిగించి, చిరిగిన బూటును కత్తితో నిలువునా చీల్చాను. చూడాలనుకున్నది ఇదే, చూడకూడదనుకున్నదీ ఇదే. లోపల గ్రీజు ఉండాల్సిన చోట ముదురు గోధుమరంగు ముద్ద ఉంది. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తే తడి సున్నంలో ఇసుక కలిసినట్టు గరగరలాడింది. అయిదు నెలలుగా మా జాయింటు తిరుగుతున్నది ఆ సానపొడిలోనే. లోపలి రింగు మీద ఇత్తడి కడ్డీ పెట్టి ఒక గట్టి దెబ్బ కొడితే, షాఫ్టుకు జాయింటును పట్టి ఉంచే స్ప్రింగు రింగు, అదే సర్‌క్లిప్పు, ముడుచుకుని జాయింటు ఊడింది. కిరసనాయిలులో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఎండలో పెట్టాక లోపలి నిర్మాణం కళ్ళకు కట్టింది.

బయట ఒక గిన్నె, గిన్నె లోపలి గోడలో ఆరు వంపు గాళ్ళు, మధ్యలో ఆరు గాళ్ళున్న చిన్న రింగు, రెండింటి నడుమ ఆరు కిటికీలున్న కేజ్, ప్రతి కిటికీలో ఒక ఉక్కు గోళీ. రింగునూ కేజ్‌నూ ఒక పక్కకు పూర్తిగా వంచితే అవతలి వైపు ఒక కిటికీ గిన్నె అంచు దాటి పైకి వస్తుంది, అప్పుడు ఆ గోళీని స్క్రూడ్రైవరు కొసతో తప్పించవచ్చు. అలా ఒక్కొక్కటిగా ఆరింటినీ తీసి, ఏది ఏ గాడిదో తెలిసేలా గుడ్డ మీద వరసగా పేర్చాను. షాఫ్టు ఎంత వంగినా, ఆ ఆరు గోళీలూ ఇవతలి, అవతలి షాఫ్టుల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే నిలబడతాయి. చక్రం వేగం షాఫ్టు వేగంతో ఎప్పుడూ సమానంగా ఉండడానికి కారణం అంతే.

ఈ సమానత్వం ఎంత అవసరమో పాత తరహా క్రాస్ జాయింటును తలుచుకుంటే తెలుస్తుంది. శిలువ ఆకారపు ముక్కతో పనిచేసే ఆ జాయింటును 30 డిగ్రీలు వంచి తిప్పితే, ఇవతలి షాఫ్టు నిలకడగా తిరుగుతున్నా అవతలిది ఒక్క చుట్టులోనే రెండుసార్లు 87 శాతానికి తగ్గి, రెండుసార్లు 115 శాతానికి పెరుగుతుంది. మలుపుల్లో ముందు చక్రాలు అంతకంటే ఎక్కువ కోణానికే తిరగాలి కాబట్టి అలాంటి జాయింటు ఒక్కటే పెడితే స్టీరింగు చేతుల్లో కొట్టుకుంటుంది. ఆరు గోళీల జాయింటుకు 1920లలో రూపమిచ్చిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా. 1959లో వచ్చిన మినీ కారులో ఇలాంటిదే పెట్టాక చిన్న కార్లలో ముందు చక్రాల నడక మామూలు సంగతైంది. గుడ్డ మీద పేర్చిన ఆ గోళీలను చూస్తున్నంతసేపూ, ఇంత చక్కని ఏర్పాటును కాపాడే బాధ్యతను ఇంత పలుచని రబ్బరు మీద వదిలేశారే అనిపించింది. చిన్న కారు టైరు కిలోమీటరుకు దాదాపు 570 చుట్లు తిరుగుతుంది. మలుపులో ఉంటే ప్రతి చుట్టుకూ బూటు మడతలు ఒక పక్క ముడుచుకుని ఇంకో పక్క సాగుతాయి. చిరగడంలో ఆశ్చర్యం లేదు, ఇన్నాళ్ళు చిరగకపోవడమే ఆశ్చర్యం.

గాళ్ళ మీద గోరు నడిపి చూశాను. మూడు గాళ్ళలో గోరు తట్టుకుంది, ఒకదాంట్లో చిన్న గుంట కంటికే కనిపించింది. రెండు గోళీలు మెరుపు పోయి మసకబారాయి, కేజ్ కిటికీ అంచులు మెట్టుపడ్డాయి. ఇలాంటి దానికి కొత్త గ్రీజు పెడితే కొన్నాళ్ళు శబ్దం అణుగుతుందే తప్ప గుంట పూడదు. ఈ అనుమానంతోనే బూటు కిట్‌తో పాటు కొత్త బయటి జాయింటును కూడా ముందే తెప్పించి ఉంచాను. బిగించే ముందు పాతదాని పళ్ళూ కొత్తదాని పళ్ళూ రెండు వైపులా లెక్కపెట్టి సరిచూసుకున్నాను. షాఫ్టు మొత్తాన్నే మార్చేస్తే సగం రోజు మిగిలేది, అలా చేసేవారిని నేను తప్పుపట్టను. కానీ లోపలి జాయింటు బూటు చెక్కుచెదరలేదు, రోలర్లు నున్నగా తిరుగుతున్నాయి, కడ్డీ మీద ఉపరితలపు తుప్పు తప్ప ఇంకేమీ లేదు. బాగున్నదాన్ని పారేయడానికి చేతులు రాలేదు.

బూటు పెదవి చీరుకోకుండా షాఫ్టు పళ్ళ మీద టేపు చుట్టి, బూటు ఎక్కించి, కొత్త సర్‌క్లిప్పు పెట్టి, జాయింటును రబ్బరు సుత్తితో లోపలికి కొట్టాను. క్లిప్పు పట్టుకున్న చప్పుడు విన్నాక కూడా ఒకసారి గట్టిగా వెనక్కి లాగి చూశాను. అంతా అయ్యాక తల తిప్పి చూస్తే చిన్న క్లాంపు గుడ్డ మీదే ఉంది. అది ఒకే రింగుగా వచ్చే రకమైతే జాయింటు మళ్ళీ ఊడదీయాల్సిందే. చుట్టి బిగించే పట్టీ రకం కాబట్టి బతికిపోయాను. వస్తువులను వరసగా పేర్చుకున్న మనిషే ఒకదాన్ని వదిలేయడం ఎలాగో నాకు ఎప్పటికీ అంతుపట్టదు.

కిట్‌లో వచ్చిన మాలిబ్డినం గ్రీజు పాకెట్టు మొత్తాన్నీ వాడాను. సగానికి పైగా గోళీల మధ్యకు వేలితో కుక్కి, మిగతాది బూటులో వేశాను. ఇంట్లో వేరే గ్రీజు డబ్బా ఉన్నా దాని జోలికి పోలేదు, ఈ జాయింటులో గోళీల మీద పడే ఒత్తిడికి ఆ నల్ల గ్రీజే తట్టుకుంటుంది. చిన్న క్లాంపు బిగించే ముందు బూటు పెదవి కిందికి మొండి పుల్ల ఒకటి దూర్చి లోపలి గాలి వదిలాను. అది మరిచిపోతే బూటు బుడగలా ఉబ్బడమో, లోపలికి పీల్చుకుపోయి మడతలు ఒరుసుకోవడమో జరుగుతుంది.

తిరిగి బిగించడం గురించి రాసేంత లేదు, ఒక్క నట్టు సంగతి తప్ప. పాత నట్టును మళ్ళీ వాడకూడదు. మా బండికి చెప్పిన బిగింపు 200 న్యూటన్ మీటర్లు, అంటే మీటరు పొడుగు పిడి కొసన 20 కిలోల బరువు వేలాడదీసినంత. పొద్దున నా ఒంటి బరువంతా వేసినా కదలని నట్టును తలుచుకుంటే తుప్పు దాని మీద ఎంత పేరుకుందో అర్థమవుతుంది. చక్రం కిందికి దించి, అమ్మాయి మళ్ళీ బ్రేకు తొక్కగా, టార్క్ రెంచి టక్కుమనేదాకా బిగించి, నట్టు అంచును గాడిలోకి నొక్కాను. అది బిగిసేదాకా బండిని అంగుళం కూడా దొర్లనివ్వలేదు, వదులుగా ఉన్న నట్టుతో బండి దొర్లితే చక్రం బేరింగు దెబ్బతింటుంది. కారిన గేరు ఆయిల్ కూడా పోసి, పూరించే రంధ్రం అంచుకు వచ్చేదాకా నింపాను.

ఖాళీ స్థలంలో స్టీరింగును చివరిదాకా తిప్పి కుడికి అయిదు చుట్లు, ఎడమకు అయిదు చుట్లు వేశాను. కిటికీ అద్దాలు దించి, రేడియో ఆపి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ విన్నాను. టైర్ల కింద గులకరాళ్ళ శబ్దం తప్ప ఇంకేమీ వినిపించలేదు. వెనక సీటులో అమ్మాయి మాత్రం, "తల తిరుగుతోంది నాన్నా, ఇంక చాలు" అంది.

ఇంటికి వచ్చి పనిముట్లు సర్దేముందు కుడి పక్కనూ స్టాండు మీదికి ఎత్తి, టార్చి పట్టుకుని ఆ వైపు బూటు కింద కూడా పడుకున్నాను. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ మడతలను ఒక్కొక్కటిగా వేలితో విడదీసి చూస్తే, పెద్ద మడత లోతులో వెంట్రుకంత బీట ఒకటి సగం చుట్టు దాకా పాకి ఉంది. రిమ్ము లోపల ఇంకా ఒక్క నల్ల చుక్క కూడా లేదు. యాక్సిల్ నట్టు సాకెట్టును పెట్టె అడుగున పెట్టకుండా పైనే ఉంచాను, రేపు ఇంకో బూటు కిట్ తెప్పించాలి.