కోవూరు సగమేగా

ఈ వేసవికి నెల్లూరు దగ్గర మా అమ్మ ఊరు కోవూరు రానంటోంది మా అమ్మాయి. "అమ్మ సగం, నాన్న సగం అని స్కూల్లో చెప్పారు. నాకు కోవూరు సగమేగా, ఏడాది విడిచి ఏడాది వస్తా" అని బేరం పెట్టింది.

దాని 46 క్రోమోజోముల్లో 23 నావే, అందులో బేరం లేదు. నాలోని ఒక్కో జతలో మా అమ్మ ఇచ్చింది వెళ్లిందా, మా నాయన ఇచ్చింది వెళ్లిందా అన్నదే బొమ్మా బొరుసు. అవ్వ వాటా నాలుగో వంతు అన్నది సగటు మాత్రమే. అవ్వది కోవూరు, తాతది కందుకూరు. (కందుకూరు 2022 దాకా ప్రకాశం, ఆ తర్వాత నెల్లూరు, ఇప్పుడు మళ్లీ ప్రకాశం. బేరం ముదురుతుందని ఆ సంగతి దానికి చెప్పలేదు.)

నాణెం ప్రతిసారీ న్యాయంగా పడదని పిల్లలకు చూపించాలంటే చిట్టెలుకే తగినది. మామూలు చిట్టెలుకకు 40 క్రోమోజోములు, అన్నిటికీ సెంట్రోమియర్, అంటే కణం చీలేటప్పుడు లాగే పోగులు పట్టుకునే చోటు, ఒక కొసనే. కొన్నిచోట్ల రెండేసి అక్కడ అతుక్కుని ఒకటైపోయాయి; స్విట్జర్లాండ్ పొస్కియావో లోయ ఎలుకకు మిగిలినవి 26. అతుకుడుదీ విడిదీ ఒకే ఆడ ఎలుకలో చేరితే పోటీ మొదలు.

క్షయకరణ విభజనలో, అంటే క్రోమోజోములు సగమయ్యే విభజనలో, ఆడ కణం సమానంగా చీలదు. ఒక వాటా అండంలో నిలుస్తుంది, రెండోది ధ్రువదేహంగా బయటపడి నశిస్తుంది. క్రోమోజోములను చెరోవైపు లాగే పోగుల కట్ట, కండె, కణం నడుమ ఏర్పడి ధ్రువదేహం బయటపడే అంచుకు జరుగుతుంది. అంచు నుంచి వచ్చే సంకేతాలతో ఆ వైపు పోగుల్లో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ట్యుబులిన్ (పోగులను కట్టే ప్రొటీన్) పెరుగుతుంది, ఆ పోగులు తేలిగ్గా ఊడతాయి. ప్రొటీన్లు ఎక్కువ పోగేసుకున్న బలమైన సెంట్రోమియర్ ఆ పట్టు వదిలించుకుని, అండం వైపు పోగును పట్టుకుంటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో చూపించింది ఇదే. అతుకుడుదే గెలవాలనేం లేదు, సెంట్రోమియర్ ఎవరిది బలమైతే వాళ్లదే అండం.

కోవూరు వాటా కూడా అట్లా తిరగబడి అండంలో చేరితే బాగుండని నాకుంటుంది, దాచుకోవడమెందుకు. అయితే గెలిచిన క్రోమోజోము ఎలుకకు మేలేమీ చేయనక్కర్లేదు. అతుకుడుది ఒకటి, విడివి రెండు, మొత్తం మూడు క్రోమోజోములు కలిసి జతకట్టాల్సి రావడంతో లెక్క తప్పిన అండాలు పుడతాయి, కాన్పులో పిల్లలు తగ్గుతాయి. 17వ క్రోమోజోము మీద కలిసికట్టుగా సంక్రమించే జన్యువుల గుంపు, టీ-హాప్లోటైప్, ఇంకా మొండిది. ఒక ప్రతి ఉన్న మగ ఎలుక పిల్లల్లో 90 శాతానికి పైగా చేరగలదు. రెండు ప్రతులొస్తే చాలాసార్లు పిల్ల కడుపులోనే పోతుంది. (అది విభజనలో జరిగేది కాదు, శుక్రకణాల ఈతలో చేసే మోసం.)

పక్షపాతం ఉందని తేల్చడమూ కష్టమే. 10 పిల్లల్లో 6 ఒకవైపు వస్తే ఏమీ తేలదు, 200లో 120 వస్తే నమ్మొచ్చు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని పెంపకం మీద అందరికీ సలహాలిచ్చే నేను ఈ లెక్క ఎక్కడా ఎత్తను. 200 దాటినా, కడుపులో పోయినవాటిని వదిలేస్తే చావునే గెలుపనుకుంటాం. అందుకే పిల్లలు పుట్టేదాకా ఆగకుండా అండాన్నే తీసి, ఏ సెంట్రోమియర్ ఎటు తిరిగిందో మైక్రోస్కోపులో ఒక్కొక్కటీ లెక్కపెడతారు.