‘నో మీడియా’ అన్న పెన్‌డ్రైవ్ మళ్లీ పనిచేసింది

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర మాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలే మా గిరాకీ. చిన్న ఫైళ్లయితే వాట్సాప్‌లో పంపుతారు కానీ వందల పేజీల నోట్స్ మాత్రం ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లోనే తెస్తారు. ఎక్కడపడితే అక్కడ పెడతారు, కాపీ అవుతుండగానే తొందరలో లాగేస్తారు. కొన్నాళ్లకు అది మొరాయిస్తుంది. "అన్నా, ఇది కనపడ్తలేదు, జర చూడవా" అంటూ కౌంటర్ మీద పెడతారు.

మామూలు ఫార్మాట్‌తో బాగయ్యేవి కొన్ని ఉంటాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఒక తమ్ముడు తెచ్చిన 16 జీబీ పెన్‌డ్రైవ్ అలాంటిది కాదు. డ్రైవ్ లెటర్ వస్తోంది, తెరవబోతే డిస్క్ పెట్టమంటోంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే ‘నో మీడియా’, అంటే లోపల స్టోరేజీయే లేదని. సైజు సున్నా ఉన్నదాన్ని ఫార్మాట్ ఎలా చేస్తాం? "లోపల ఫైళ్లు కావాలా తమ్మీ?" అని అడిగాను. "మెయిల్‌ల ఉన్నయన్నా, ఇది నడిస్తే చాలు" అన్నాడు. ఆ మాట వచ్చాకే పని మొదలుపెట్టాను, ఎందుకంటే ఈ రిపేరులో పాత డేటా ఒక్క ముక్క కూడా మిగలదు.

పెన్‌డ్రైవ్‌లో ముఖ్యంగా ఉండేవి రెండు చిప్‌లు. డేటా దాచేది నాండ్ ఫ్లాష్, కంప్యూటర్‌తో మాట్లాడేది కంట్రోలర్. కంట్రోలర్‌లో శాశ్వతంగా ఉండేది కొద్దిపాటి బూట్ కోడ్ మాత్రమే. అసలు ఫర్మ్‌వేర్ (కంట్రోలర్‌ను నడిపే ప్రోగ్రామ్), ఫ్లాష్‌లో ఏ బ్లాకులు (డేటా దాచే భాగాలు) చెడిపోయాయి, ఏ డేటా ఏ బ్లాకులో ఉంది అన్న పట్టికలు చాలా పెన్‌డ్రైవ్‌లలో ఫ్లాష్ చిప్‌లోనే ఒక పక్కన ఉంటాయి. రాస్తున్న సమయంలో కరెంటు తెగితే ఆ భాగం పాడవ్వచ్చు. అప్పుడు కంట్రోలర్ మేల్కొని తన ఉనికి చెప్పగలదు కానీ తన వెనక ఎంత స్టోరేజీ ఉందో చెప్పలేదు. ‘నో మీడియా’కు ఎక్కువగా కారణం ఇదే. అంటే చిప్‌లు బాగానే ఉండొచ్చు. ఫ్యాక్టరీలో మొదటిసారి చేసినట్టే ఫ్లాష్ మొత్తాన్ని పరీక్షించి, పట్టికలు కొత్తగా కట్టి, ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌నే ఎంపీ టూల్ అంటారు. ఎంపీ అంటే మాస్ ప్రొడక్షన్.

కష్టమంతా సరైన టూల్ పట్టుకోవడంలోనే ఉంది. ఫైసన్, సిలికాన్ మోషన్, ఆల్కార్, చిప్స్‌బ్యాంక్, ఫస్ట్‌చిప్ ఇలా కంట్రోలర్ తయారీదారులు చాలామంది. ఒకరి టూల్ ఇంకొకరి చిప్‌కు పనికిరాదు. పైన కవరు మీద ఉన్న బ్రాండ్‌ను నమ్మి వెతికితే దారి తప్పినట్టే. ఒకే మోడల్‌లో కూడా ఒక లాట్‌కు ఒక కంట్రోలర్, ఇంకో లాట్‌కు ఇంకోటి వాడతారు. అందుకే ముందు, లోపలి చిప్‌ల వివరాలు చూపించే చిప్‌జీనియస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. వీఐడీ, అంటే తయారీదారు కోడ్, 090సీ అని వచ్చింది, అది సిలికాన్ మోషన్‌ది. అయితే వీఐడీ, పీఐడీ (మోడల్ కోడ్) ఎవరైనా మార్చి రాయగలిగే అంకెలు. కాబట్టి పాత ఏటీఎం కార్డు అంచుతో కవరు విప్పి, భూతద్దంతో చిప్ మీద నంబర్ చదివాను. ఎస్ఎం3257తో మొదలైంది, రెండూ కలిశాయి. ఫ్లాష్ ఐడీ, అంటే ఫ్లాష్ చిప్ గుర్తింపు కోడ్, కూడా రాసుకున్నాను. దాని మొదటి బైటు చూస్తే ఫ్లాష్ ఎవరిదో తెలుస్తుంది: 98 అయితే తోషిబా, ఏడీ అయితే హైనిక్స్, ఈసీ శాంసంగ్, 2సీ మైక్రాన్. ఇదేదో అదనపు జాగ్రత్త అనుకోకండి. టూల్‌లో మీ కంట్రోలర్ ఉన్నా, మీ ఫ్లాష్ ఐడీ దాని జాబితాలో లేకపోతే పని జరగదు.

ఈ టూల్స్ ఫ్యాక్టరీల కోసం చేసినవి. బయట దొరికేవన్నీ చేతులు మారి వచ్చిన కాపీలే. వైరస్ ఉందో లేదో ఖాయంగా చెప్పలేం. యాంటీవైరస్ ఎలాగూ అరుస్తుంది. అందుకని ఇంటర్నెట్ తీసేసిన పాత విండోస్ 7 కంప్యూటర్ ఒకటి దీనికే వదిలేశాను. గిరాకీ ఫైళ్లున్న సిస్టమ్‌లో వీటిని తెరవను. పెన్‌డ్రైవ్ కూడా హబ్‌కు కాకుండా వెనక మదర్‌బోర్డు పోర్టుకే పెడతాను.

సిలికాన్ మోషన్ టూల్ తెరిచి స్కాన్ కొట్టగానే డ్రైవ్ కనపడింది. సెట్టింగ్స్‌కు పాస్‌వర్డ్ అడుగుతుంది, ఈ టూల్‌లో అది సాధారణంగా 320. మొదటి వెర్షన్ మా ఫ్లాష్‌ను గుర్తుపట్టలేదు. వేరే వెర్షన్ గుర్తుపట్టింది కానీ, చెడిపోయిన బ్లాకులు టూల్‌లో పెట్టిన హద్దు దాటాయని ఆగిపోయింది. టెన్షన్ పెట్టింది అక్కడే, ఎందుకంటే ఫ్లాష్ నిజంగా అరిగిపోయి ఉంటే ఏ టూలూ ఏమీ చేయలేదు. కెపాసిటీ కాస్త తగ్గించి, పూర్తి స్కాన్ పెట్టి వదిలేశాను. ఈ మధ్యలో డ్రైవ్‌ను కదపకూడదు, కరెంటు పోకూడదు. యూపీఎస్ ఉన్నా సాయంత్రం ప్రింటర్లన్నీ ఆగాకే మొదలుపెట్టింది అందుకే. చివరికి పచ్చరంగు వచ్చింది, తీసి పెడితే ఖాళీ డ్రైవ్ తెరుచుకుంది. ఎంత సంతోషమో చెప్పలేను! అయినా అంతటితో ఇచ్చేయలేదు. డ్రైవ్‌ను పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో అంచు దాకా నింపి, తిరిగి చదివించి, తప్పు లేదని తేలాకే చేతికిచ్చాను. కొత్తది కొన్ని వందలే కావచ్చు, కానీ హాస్టల్లో ఉండి చదివే పిల్లలకు అది కొన్ని పూటల మెస్ ఖర్చు.

అసలు గుర్తింపే రాని డ్రైవ్‌లతో ఇంకా కష్టం. పాడైన ఫర్మ్‌వేర్ చదవబోయి కంట్రోలర్ అక్కడే ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు ఫ్లాష్ డేటా పిన్నుల్లో పక్కపక్కనున్న రెండింటిని, 48 పిన్నుల చిప్ అయితే తరచుగా 29, 30లను, సూదిమొనతో కలిపి ఉంచి పోర్టులో పెట్టాలి. ఫ్లాష్ చదవలేక కంట్రోలర్ తన బూట్ కోడ్‌తోనే లేస్తుంది, లేవగానే సూది తీసేయాలి. పిన్ను తప్పితే చిప్ కాలిపోవచ్చు, కాబట్టి లెక్కపెట్టుకుని వెలుతురులో చేయాల్సిన పని. మొత్తం ఒకే నల్ల ముక్కగా వచ్చే చిన్న డ్రైవ్‌లకు ఈ పద్ధతి కుదరదు. కొన్ని పెద్ద కంపెనీల సొంత కంట్రోలర్లకు టూల్స్ బయట దొరకవు కూడా. అలాంటివి వస్తే ముందే చెప్పేస్తాను.

ఒక అక్క తన పీహెచ్‌డీ థీసిస్ ఉన్న డ్రైవ్ తెచ్చింది, వేరే కాపీ లేదట. అదీ ‘నో మీడియా’నే. "నువ్వు బాగు చేస్తవట కదా తమ్ముడూ" అని ఎంత అడిగినా నేను ముట్టుకోలేదు. ఫ్లాష్ చిప్ ఊడదీసి నేరుగా చదివే డేటా రికవరీ వాళ్ల దగ్గరికే పంపాను. అక్కడ వేలల్లో అవుతుందని కూడా చెప్పాను. నా టూల్ ఒక్కసారి నడిస్తే ఆ చదవడానికి కూడా ఏమీ మిగలదు.

ఇక ఫుట్‌పాత్ మీద కొన్న ‘1 టీబీ’ డ్రైవ్‌లు. వాటిలో రిపేరు చేయడానికేమీ లేదు, ఇలాంటి ఎంపీ టూల్‌తోనే ఎవరో అబద్ధపు కెపాసిటీ రాసి పెట్టి ఉంటారు. అసలు సైజు దాటాక కాపీ చేసినవన్నీ చెత్తగా మారతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూలో ఆ హద్దు తేలుతుంది. అదే టూల్‌తో నిజమైన సైజు రాసిస్తే మామూలుగా పనిచేస్తాయి. మొన్న ఒకటి 32 జీబీగా తేలింది. ఆ తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు కానీ, ఇప్పుడు ప్రింట్లకు దాన్నే తెస్తున్నాడు. నోట్స్ అసలు కాపీ మాత్రం అందులో పెట్టొద్దని గట్టిగా చెప్పాను.