పైలట్ లైసెన్సు సస్పెన్షన్: నేను ఎదుర్కొన్న విచారణ

రేవుకు వచ్చే ఓడలకు దారి చూపి బెర్తుకు, అంటే ఓడ ఆగే గట్టుకు చేర్చే పైలట్‌గా 14 ఏళ్లు పనిచేశాక, ఒక సరుకు ఓడ ముక్కును ఆ గట్టు అంచున తాకిడి తగ్గించడానికి బిగించే ఫెండర్లకు కొట్టించాను. ఎవరికీ గాయం కాలేదు, చమురు కారలేదు. రెండు ఫెండర్లు ఊడిపోయి, ఓడ ముందు భాగంలో మనిషి పొడవున సొట్ట పడింది. దీనికే లైసెన్సు పోతుందా అని చాలామంది అడిగారు. ఆ రోజు సాయంత్రం వరకు నేనూ అలాగే అనుకున్నాను.

ఓడ కుడి పక్కను బెర్తుకు ఆనించాలి. కుడివైపు తిరిగే ప్రొపెల్లరు ఉన్న ఓడలో ఇంజనును వెనక్కి నడిపితే వెనుక భాగం ఎడమకు జరుగుతుంది, ముక్కు కుడికి, అంటే సరిగ్గా బెర్తు మీదికే తిరుగుతుంది. మా వృత్తిలో ఇవి ఓనమాలు. అందుకే అలాంటి చోటికి జోరు ముందే తగ్గించుకొని రావాలి. నేను ఆలస్యంగా తగ్గించి, ఆ ఆలస్యాన్ని సరిదిద్దడానికి ఇంజనును గట్టిగా వెనక్కి నడపమన్నాను. తర్వాత ఓడను లాగే టగ్ పడవ ఎంత లాగినా ముక్కు ఆగలేదు.

దిగిన వెంటనే శ్వాస, మూత్ర పరీక్షలు చేశారు, రాతపూర్వక నివేదిక తీసుకున్నారు. మర్నాడు విచారణ ముగిసేవరకు లైసెన్సును నిలిపివేస్తున్నట్లు ఉత్తర్వు వచ్చింది. ఇది శిక్ష కాదని అందులో స్పష్టంగానే రాశారు గాని, పని లేక ఇంట్లో కూర్చున్నవాడికి ఆ తేడా తెలియదు.

షోకాజు నోటీసులో మూడు అభియోగాలు ఉన్నాయి: మితిమీరిన వేగం, మాస్టరుతో, అంటే ఓడ కెప్టెన్‌తో సమాచార మార్పిడిని పూర్తిచేయకపోవడం, ఓడను బెర్తుకు కట్టే సమయంలో ఫోనులో మాట్లాడటం. నా మొదటి సంజాయిషీలో, ఓడ నడిపే అధికారం మాస్టరుదే కాబట్టి పైలట్ కేవలం సలహాదారు అని రెండు పేజీలు రాశాను. నా న్యాయవాది ఆ రెండు పేజీలూ కొట్టేశారు. పైలట్ ఎక్కినంత మాత్రాన మాస్టరు బాధ్యత తీరిపోదన్న సూత్రం మాస్టరును పట్టి ఉంచడానికే గాని పైలట్‌ను వదిలేయడానికి కాదని, లైసెన్సు ఇచ్చినవాళ్లు అడిగేది నేను ఏం చేశానన్న ఒక్కటేనని ఆయన చెప్పారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ వాదనతోనే వెళ్లి ఉంటే నా పని ఆరోజే అయిపోయేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

అసలు విచారణ అంతా ఓడ కదలికలను, ఓడ నడిపే గదిలోని మాటలను నమోదుచేసే ప్రయాణ రికార్డరు చుట్టూ తిరిగింది. పాత రికార్డర్లు 12 గంటలవే దాచుకునేవి, 2014 జూలై తర్వాత బిగించినవి కనీసం 48 గంటలవి దాచుకుంటాయి. ఆ ఓడలోని మాస్టరు గుద్దుకున్న వెంటనే రికార్డింగును భద్రపరిచారు. ముగ్గురు సభ్యుల ముందు దాన్ని వినిపించారు. చుక్కాని పట్టినతను నా ఆదేశాన్ని తిరిగి చెప్పడం, నా ఫోను మోగడం, తర్వాతి ఓడ సమయం గురించి నేను మాట్లాడటం వరుసగా వినిపించాయి. నా మాటల కిందుగా, బెర్తుకు ఇంకా ఎంత దూరముందో చెబుతూ వాకీటాకీలో చీఫ్ ఆఫీసరు గొంతు “నలభై మీటర్లు” అంది, కాసేపటికి “ముప్ఫై” అంది. రెండింటికీ ఎవరూ బదులివ్వలేదు. సభ్యులు ఆ భాగాన్ని రెండోసారి వినిపించమన్నారు. ఓడ వివరాలు రాసి పైలట్‌కు ఇచ్చే పైలట్ కార్డు మీద నా సంతకం చూపించి, ఇంజను వెనక్కి అందుకోవడానికి ఎంత సమయం పడుతుందని అందులో రాసి ఉందో చెప్పమన్నారు. నాకు గుర్తులేదు, చదివి ఉంటే కదా.

తర్వాత నేను వాడే మందుల జాబితా అడిగారు. ఫెండరుకూ రక్తపోటు మాత్రకూ ఏం సంబంధమని నాకు అనిపించింది. 2007 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో పొగమంచులో కాస్కో బుసాన్ అనే సరుకు ఓడ వంతెన స్తంభపు రక్షణ కట్టడాన్ని గుద్దుకుని సుమారు 2 లక్షల లీటర్ల ఇంధనం నీటిపాలైనప్పుడు, పైలట్ వాడిన మందులు అతని ఆలోచనను మందగింపజేశాయని దర్యాప్తులో తేలింది. 2009లో అతనికి 10 నెలల జైలుశిక్ష పడింది. అప్పటినుంచి ఈ ప్రశ్న అడగని విచారణ ఉండదని న్యాయవాది చెప్పారు. నా మాత్ర వైద్య పరీక్షలో ముందే నమోదై ఉంది. దాచి ఉంటే, పొరపాటు కాస్తా మోసం అయ్యేది, వ్యవహారం లైసెన్సు రద్దు దాకా వెళ్లేది. సస్పెన్షన్‌కు ముగిసే తేదీ ఉంటుంది. రద్దయితే లైసెన్సే ఉండదు. మళ్లీ ఇస్తామన్నా కొత్త అభ్యర్థిలా పరీక్ష, శిక్షణ ప్రయాణాలు మొదటినుంచి మొదలుపెట్టాలి.

వేగం విషయంలో అంచనా పొరపాటని, మిగతా రెండింటిలో నిర్లక్ష్యం రుజువైందని తేల్చి 4 నెలల సస్పెన్షన్ విధించారు. అప్పటికే గడిచిన 6 వారాలను అందులో కలపలేదు. ఇది అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం, కాని అప్పీలు తేలేలోగా శిక్షాకాలమే అయిపోతుందని లెక్కవేసుకుని ఊరుకున్నాను.

గడువు తీరినా నేరుగా ఓడ ఎక్కనివ్వలేదు. 5 రోజులు సిమ్యులేటరు మీద అదే బెర్తు, అదే ఆటుపోటు, అలాంటి ఓడ. ఆ తర్వాత 12 ప్రయాణాలు సీనియర్ పైలట్ పక్కన నిలబడి చూస్తుండగా చేశాను. నాకన్నా 3 ఏళ్లు చిన్నవాడు ఆయన, ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. అదే ఎక్కువ కష్టమనిపించింది.

లైసెన్సు తిరిగి ఇచ్చినప్పుడు చివరి పేజీలో సస్పెన్షన్ తేదీలు ఎర్ర సిరాతో రాసి ముద్ర వేసి ఉన్నాయి. పునరుద్ధరణకు వెళ్లిన ప్రతిసారీ ఆ పేజీ తెరిచి చూపించి, జరిగింది మొదటినుంచి రాసి ఇవ్వాలి.