నాలుగేళ్ల లెక్క మదీనాది

భర్త ఎక్కడున్నాడో నాలుగేళ్లుగా తెలియకపోతే ముస్లిం స్త్రీ కోర్టుకు వెళ్లి నికాహ్ రద్దు చేయించుకోవచ్చు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం, సెక్షన్ 2లో మొట్టమొదటి కారణం ఇదే. హనుమకొండలో వకాలత్ చేసే నాకు ఈ సెక్షన్ నోటికొచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ నుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు తక్కువమందా! అందరూ ఫోన్ చేస్తూ ఉండరు.

ఈమధ్య పరకాల వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు. దావా కాయితాల మీద సంతకాలు అయ్యేలోపే అడిగేశాడు: "మనం హనఫీలం గదా బేటీ. మన మజ్హబ్‌ల నాలుగేండ్ల లెక్క లేదంటున్నడు మా మౌల్సాబ్. కోర్టోళ్లిచ్చిన కాయితం అల్లా దగ్గర చెల్లుతదా?"

మౌల్సాబ్ మాట తీసిపారేసేది కాదు. హనఫీలంటే ఇరాక్‌లోని కూఫాకు చెందిన అబూ హనీఫా మజ్హబ్‌ను, అంటే ఆయన ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని, పాటించేవాళ్లు. 12వ శతాబ్దంలో మధ్య ఆసియాలోని ఫర్గానా లోయకు చెందిన మర్గీనానీ రాసిన హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం హిదాయా మన మదరసాల్లో ఇప్పటికీ పాఠం. జాడలేని మనిషికి పుట్టిన నాటి నుంచి 120 ఏళ్లు నిండితే పోయినట్టు లెక్క అని అందులో ఒక మాట. ఈడువాళ్లంతా పోయేదాకా ఆగాలని ఇంకో మాట. అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ పేరు మీద నూరేళ్లు, కొందరి లెక్కన తొంభై. నికాహ్ జరగడం ఖాయం, చావు అనుమానం. అనుమానంతో ఖాయమైనదాన్ని తెంపకూడదన్నది వాళ్ల తర్కం. తర్కంలో లోపం లేదు. కానీ ముప్పై ఏళ్ల మొగుడు మాయమైతే, అన్నిట్లోకి తక్కువైన తొంభై లెక్కన కూడా ఆ పిల్ల అరవై ఏళ్లు ఎదురుచూడాలి.

మదీనాలో ఇమామ్ మాలిక్ దారి వేరు, మాలికీ మజ్హబ్ ఆయన పేరు మీదిదే. ఖలీఫా ఉమర్ తీర్పును ముందు పెట్టుకొని, నాలుగేళ్లు చూడాలి, తర్వాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ (మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు) అన్నాడు. 19వ శతాబ్దంలో డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్, ఆయన హనఫీయే, గత్యంతరం లేని చోట మాలిక్ మాట మీద ఫత్వా ఇచ్చినా తప్పులేదన్న పాత అభిప్రాయాన్ని తన గ్రంథంలో ఎక్కించాడు. ఇలాంటి పక్క వాక్యాలే వందేళ్ల తర్వాత పనికొస్తాయి.

పనికొచ్చింది కూడా. మతం మారితే నికాహ్ తెగుతుందని కోర్టులు ఒప్పుకునే, ఈ చట్టానికి ముందటి రోజుల్లో, పంజాబ్‌లో కొందరు ఆడవాళ్లు వేరే దారి లేక మతం వదిలేశామని రాసిచ్చి బయటపడేవారు. ఉలమాలకు, అంటే మతపండితులకు, అది గుండెల్లో రాయి పడ్డట్టయింది. థానా భవన్‌లోని హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థానవీ మదీనాలోని మాలికీ ముఫ్తీలకు ప్రశ్నలు రాసి పంపాడు, జవాబులు తెప్పించుకున్నాడు, వాటితో 1930ల మొదట్లో అల్ హీలతున్ నాజిజా అనే పుస్తకం తెచ్చాడు. ఆ బాటలోనే 1936లో ఖాజీ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు, మూడేళ్లకు చట్టమైంది. తీర్పు చెప్పేది ముస్లిం జడ్జే కావాలన్న బిల్లులోని షరతు మాత్రం నిలబడలేదు, చాలామంది ఉలమాలకు అదే కొరత. పెద్దాయన అనుమానానికి మూలం అక్కడే ఉంది. అందుకే ఆయన్ని ఏమీ అనలేదు.

కూఫా వాళ్లకు మదీనాతో పేచీ, రాకపోకలు మొదటి తరం నుంచీ ఉన్నవే. అబూ హనీఫా శిష్యుడు షైబానీ మదీనా వెళ్లి మాలిక్ దగ్గర ఆయన గ్రంథం మువత్తా విన్నాడు, తర్వాత అదే మదీనా వాళ్లతో వాదిస్తూ పుస్తకమూ రాశాడు. ఆ వాదాల పుస్తకాన్ని 1960లలో అచ్చేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్‌లోని ఇహ్యావుల్ మఆరిఫిన్ నుమానియా అనే ప్రచురణ సంస్థ. దాన్ని నెలకొల్పిన అబుల్ వఫా అఫ్గానీ కాందహార్‌లో పుట్టాడు, జామియా నిజామియాలో పాఠాలు చెప్పాడు, 1975లో హైదరాబాద్‌లోనే పోయాడు. షైబానీ మూలగ్రంథం కితాబుల్ అస్ల్‌ను కూడా రాతప్రతులు పోల్చి కొంతమేర పరిష్కరించింది ఆయనే. దక్కన్ చేసిన మేలు కొత్త ఫత్వాల కంటే ఇదే పెద్దదని నా లెక్క. మూలం చేతికి రానిదే ఎవరు ఎవరితో విభేదించారో తెలిసేదెట్లా?

ఇదంతా పెద్దాయనకు చెప్పాను, కాస్త కుదించి. "అయితే మన పెద్దలే ఒప్పుకున్నరన్నట్టు," అన్నాడు. ఆ ముక్క మౌల్సాబ్‌ను కూడా అడిగి వస్తానని సంచీ సర్దుకున్నాడు. రెండో జుమ్మా తర్వాత వచ్చి బిడ్డ చేత సంతకం పెట్టించాడు.

ఇలాంటి కేసు మీ ఇంట్లో ఉంటే నికాహ్‌నామా, అతని పాస్‌పోర్ట్ జిరాక్స్, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు తెచ్చుకోండి. అతను చనిపోయి ఉంటే ఎవరెవరు వారసులయ్యేవారో వాళ్ల పేర్లన్నీ దావాలో రాయాలి, నోటీసులు వెళ్లాలి. అతని చిన్నాన్నో పెదనాన్నో, అన్నదమ్ములో ఉంటే వారసులు కాకపోయినా పార్టీగా చేర్చాల్సిందే. డిక్రీ వచ్చాక ఆరు నెలలు అమల్లోకి రాదు. ఆలోపు అతను దిగి, కాపురం చేస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దు. కాబట్టి డిక్రీ చేతికొచ్చిన వారానికే ఇంకో సంబంధం మాట్లాడకండి.